ఈ యాసంగిలో మాకు ఆసరా అయిన ఊళ్లకు కృతజ్ఞతలు

యాసంగి కోతలు ముగిశాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్, నారాయణపేట జిల్లాల్లో మా వన్యప్రాణి పునరావాస కేంద్రం చేపట్టిన అవగాహన కార్యక్రమాలకు తోడు నిలిచిన అందరికీ పేరుపేరునా దండాలు. దెబ్బ తగిలిన జీవి బతుకు చాలాసార్లు డాక్టరు చూడకముందే, మొదటి గంటలోనే తేలిపోతుంది. ఆ గంటలో దాని పక్కన ఉండేది మీరే.

ముందుగా మిర్యాలగూడ వైపు కోత మిషన్లు నడిపిన డ్రైవర్లకు. వరిలో పిల్లికూనలు కనబడగానే చిరుత పిల్లలని ఊరంతా గుమిగూడటం ఏటా ఉండేదే. కూన ఒంటిమీద మసక చారలు, చెవి కొసన చిన్న నల్లటి కుచ్చు ఉంటే అది అడవిపిల్లిది. చిరుత కూనకు చిన్నప్పటి నుంచే మచ్చలుంటాయి. మీరు మిషన్ ఆపి, ఆ కాస్త పొలం చెక్క కోయకుండా వదిలేశారు. కోయక తప్పని చోట కూనలను అంచు తక్కువున్న గంపలో పెట్టి, అదే మడి గెట్టు మీద నీడన ఉంచారు. చేయాల్సింది సరిగ్గా అదే. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది అపోహ. చుట్టూ జనం, కుక్కలు ఉంటేనే అది దగ్గరికి రాదు. చీకటి పడ్డాక వచ్చి ఒక్కొక్క కూననే నోట కరుచుకుని పోతుంది. తెల్లారినా కూనలు అక్కడే ఉంటే అప్పుడు అటవీ సిబ్బందికి చెప్పాలి. కొయ్యకాళ్లకు నిప్పు పెట్టకుండా ఆగిన రైతులకు మరీ మరీ కృతజ్ఞతలు.

బావుల్లో పడ్డ నక్కలకు, అడవిపిల్లులకు నులక మంచాలిచ్చిన ఇళ్లవాళ్లను మరువలేం. మంచం నాలుగు కాళ్లకూ ఒకే పొడవు తాళ్లు కట్టి బావిలోకి దించాలి. ఒక తాడు పొట్టిదైతే మంచం ఒరిగి, ఎక్కిన జీవి మళ్లీ నీళ్లలో పడుతుంది. మంచం ఒడ్డుకు చేరేసరికి ఒక వైపు పూర్తిగా ఖాళీగా ఉండాలి. ఇక్కడే ఎక్కువగా పని చెడుతుంది: చుట్టూ ఫోన్లు పట్టుకుని నిలబడితే అది బెదిరి మళ్లీ బావిలోకే దూకుతుంది. చిరుత, ఎలుగుబంటి అయితే మాత్రం ఎవరూ ప్రయత్నించొద్దు, అటవీశాఖ వచ్చేదాకా జనాన్ని దూరంగా ఉంచితే చాలు.

బడుల్లో పీరియడ్లు ఇచ్చిన ప్రధానోపాధ్యాయులకు, ఇంటికెళ్లి పెద్దలకు నేర్పిన పిల్లలకు ప్రత్యేకంగా. మేం అంటించిన పోస్టర్ల కంటే ఆ పిల్లల మాటే ఎక్కువ పనిచేసిందని మా నమ్మకం. పిట్ట దొరికితే నోట్లో నీళ్లు పోయొద్దు. నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం సన్నటి చీలికలా కనబడుతుంది, పోసిన చుక్క అందులోకే జారుతుంది. పాలు పిట్టలకు అరగవు. అట్టపెట్టెకు పెన్సిల్‌తో బొక్కలు పెట్టి, అడుగున పాత నూలు బట్ట పరిచి, మూత వేసి, సద్దు లేని చోట ఉంచాలి. తువ్వాలు వద్దు, దాని పోగుల్లో గోళ్లు ఇరుక్కుంటాయి. చైనా మాంజా చుట్టుకున్న గద్దకైతే దారం లాగొద్దు, లాగితే రెక్క నరం తెగుతుంది. అటూ ఇటూ జానెడు వదిలి కత్తిరించి అలాగే పంపాలి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించినా ఈ దారం ఇంకా అమ్ముతున్నారు, అది మాకు చాలా బాధ.

మక్తల్, కృష్ణా మండలాల రైతులకు చేతులెత్తి దండం. కృష్ణజింకలు చేను తొక్కితే కలిగే నష్టం చిన్నది కాదు. అయినా కుక్కలను ఉసిగొల్పకుండా, ఒక దిక్కు వదిలి మెల్లగా తోలారు. ఉరికించిన జింక కండరాలు దెబ్బతిని, వాటిలోంచి వచ్చే విషం మూత్రపిండాలకు చేరి, ఒంటిమీద గాయం లేకున్నా ఒకట్రెండు రోజులకు చనిపోవచ్చు. పట్టుకోక తప్పకపోతే మొదట కళ్లకు గుడ్డ కప్పాలి.

దొరికిన జీవిని ఇంట్లో ఉంచుకోకుండా అటవీశాఖ బీట్ ఆఫీసరుకు చెప్పినవాళ్లకూ కృతజ్ఞతలు. కేసవుతుందేమోనని కొందరు జంకుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ అడిగేది 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌కో అధీకృత అధికారికో తెలపమనే.

ఇక వానాకాలం దుక్కులు మొదలవుతాయి. పొదల కింద నెమలి గుడ్లు కనబడితే కోడి కింద పొదగేయకండి, పిల్లలు కోళ్లనే తమవనుకుని పెరుగుతాయి, కోళ్ల రోగాలూ అంటుకుంటాయి. పొదిగేది దాదాపు 28 రోజులు. గూడు చుట్టూ కాస్త పొద వదిలి నాగలి పక్కకు తిప్పండి. బడులు తెరిచాక మళ్లీ వస్తాం, కిరాణా కొట్లవాళ్లు ఖాళీ అట్టపెట్టెలు దాచి ఉంచండి.