ఆ ఫోటో చూసి కూడా నాతో మాట్లాడటం మానని మీ అందరికీ

మీలో చాలామందికి ఈ మధ్య నా ఫోటో ఒకటి వచ్చింది. కింద 'దొంగ, చీటర్, ఇతని అప్పుకి మీరే షూరిటీ' అని ఉంది. నాకు తెలిసినంతలో మీలో ఒక్కరు కూడా దాన్ని ఇంకొకరికి పంపలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

జీతం ఆలస్యమైంది, అద్దె కట్టాలి. లోన్ యాప్‌లో 5,000 అడిగితే అకౌంట్లో 3,100 పడింది. మిగతాది ప్రాసెసింగ్ ఫీజట. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. ఆరో రోజు తెల్లారకముందే ఫోన్లు మొదలు. అది తీర్చడానికి ఇంకో యాప్, దాన్ని తీర్చడానికి మరొకటి. ఒకటైతే నేను అడక్కుండానే డబ్బు వేసి, వారానికి వడ్డీతో సహా కట్టమంది. రెండు నెలల్లో చేతికొచ్చింది 26 వేలు, కట్టింది 61 వేలు, అయినా బాకీ తీరలేదట. కాంటాక్ట్స్‌కీ గ్యాలరీకీ 'అలో' నొక్కింది మాత్రం నేనే.

అందరికంటే ముందు మా ఆఫీసులో అకౌంట్స్ చూసే మేడమ్‌కి దండం పెట్టాలి. ఫోన్ మోగినప్పుడల్లా నేను మెట్ల దగ్గరికి పరిగెత్తడం గమనించి, ఒకరోజు వెనకే వచ్చారు. అంతా విని తిట్టలేదు. సొరుగులోంచి కొత్త నోట్‌బుక్ తీసి, స్కేలు పెట్టి గీతలు కొట్టారు: తేదీ, టైము, నంబరు, ఏమన్నాడు. అంతలో ఫోనొస్తే స్పీకర్ పెట్టమన్నారు. "బాబూ, నీ పేరేంటి? ఏ బ్యాంకు తరఫున చేస్తున్నావు? రికవరీ ఏజెంటని లెటర్ ఉందా?" అటునుంచి ఒక బూతు, తర్వాత కట్. ఆ బూతును కూడా ఆవిడ పొల్లుపోకుండా రాసుకున్నారు.

రిజర్వు బ్యాంకు 2022లోనే వీటికి నిబంధనలు పెట్టిందని ఆవిడ చెప్పేదాకా నాకు తెలీదు. అప్పిచ్చే యాప్ మన కాంటాక్ట్స్, ఫోటోలు ముట్టుకోకూడదు. కట్టే డబ్బు నేరుగా అప్పిచ్చిన సంస్థ అకౌంటుకే వెళ్లాలి. రికవరీ ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. నాకేమో రోజుకో మనిషి పేరుతో యూపీఐ ఐడీ వచ్చేది. అవి చూసి "ఇది కంపెనీ కాదు నాయనా, ముఠా. ఇక రూపాయి కట్టకు" అన్నారు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించింది కూడా ఆవిడే. నేను యాప్‌లన్నీ తీసేసి ఫోన్ రీసెట్ కొట్టబోతుంటే, సైబర్ క్రైమ్ స్టేషన్‌లో కానిస్టేబుల్ గారు ఆపారు. "ముందు స్క్రీన్‌షాట్లు, యూటీఆర్ నంబర్లు, అంటే ఒక్కో పేమెంటుకీ వచ్చే నంబర్లు, తీసిపెట్టు. తీసేయడం తర్వాత." ఓపిగ్గా రెండు గంటలు కూర్చుని కంప్లైంట్ రాయించారు. సార్, మీకు ప్రత్యేకంగా థ్యాంక్స్.

ఇక మీకొచ్చిన మెసేజ్ సంగతి. "వాళ్లు పంపేలోపు మనమే చెప్పేద్దాం" అన్నది మా అక్క. అత్తారింట్లో తన పరువు పోతుందని ఆమెకు చెప్పడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. తనేమో బావగారి పక్కనే కూర్చుని ఒక్కో వాక్యం చెప్పి రాయించింది: 'నా ఫోన్లోని నంబర్లు లోన్ యాప్ వాళ్ల చేతిలో పడ్డాయి. అసహ్యమైన ఫోటోలు రావచ్చు. డబ్బు పంపొద్దు, స్క్రీన్‌షాట్ నాకు పంపి ఆ నంబర్ బ్లాక్ చేయండి.' 212 మందికి పంపాలి. పావుగంట ఫోన్ పట్టుకుని కూర్చున్నాక గానీ వేలు కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నానికి నిజంగానే ఫోటోలు వెళ్లాయి. 41 మంది స్క్రీన్‌షాట్లు పంపారు, అన్నీ కంప్లైంట్‌కి జతయ్యాయి. మా పెద్దమ్మ మాత్రం ఫోన్ చేసి, "తల నీదే గానీ ఆ కండలు నీవి కావురా" అంది. ఎన్ని వారాలకో నవ్వాను.

ఇంటి ఓనర్ అంకుల్‌కి కూడా ఫోటో వెళ్లింది. పైకొచ్చి, "అద్దె కోసమా ఇదంతా? రెండు వారాలు ఆగమంటే ఆగనా?" అన్నారు. ఏం చెప్పాలో తెలియక ఆయనకి కుర్చీ వేశాను.

ఆ నోట్‌బుక్ ఇంకా మేడమ్ సొరుగులోనే ఉంది. చివరి ఎంట్రీ పోయిన నెల 14న రాసింది.