ఆటకు జరిగిన ద్రోహం, మనిషికి జరిగిన ద్రోహం: కేంద్ర క్రీడల మంత్రికి ఒక వ్యాయామోపాధ్యాయిని బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రివర్యులు శ్రీ మన్‌సుఖ్ మాండవీయ గారికి నమస్కారాలు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు వ్యాయామోపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఖోఖో, కబడ్డీ జట్లను తయారుచేయడం, ఆ పిల్లలను వెంటబెట్టుకుని మండల స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి పోటీల దాకా తిరగడం నా ఉద్యోగం. మీరు లోక్‌సభలో ప్రవేశపెట్టిన జాతీయ క్రీడా పరిపాలన బిల్లు 2025 ఆగస్టులో ఉభయ సభల ఆమోదం పొంది చట్టమైంది. మహిళా క్రీడాకారులకు, మైనర్లకు రక్షణ కల్పించే సురక్షిత క్రీడా విధానం ఉండాలనీ, క్రీడా సంఘాలు నీతి నియమావళికి కట్టుబడాలనీ ఆ చట్టం చెబుతోంది. ఆ మాట మైదానంలో నిలబడ్డ పిల్ల దాకా ఏ రూపంలో చేరుతుందన్న ఆందోళనతోనే ఈ లేఖ రాస్తున్నాను.

ఒక క్రీడాకారుడో, శిక్షకుడో, సంఘం పెద్దో తప్పు చేశాడన్న వార్త వచ్చిన ప్రతిసారీ మన దగ్గర చర్చ ఒకే దారి పడుతుంది. ఏం జరిగింది, ఎవరికి జరిగింది అన్న ప్రశ్న ఒక్క పూట కూడా నిలవదు. ఫలానా ఆటగాడు ఇంతకన్నా ఘోరం చేసినప్పుడు మీరంతా ఎక్కడికి పోయారని ఒకరు, ఈయనేమైనా దేశాన్ని అమ్ముకున్నాడా అని మరొకరు అందుకుంటారు, ఆ వాదులాటలో దెబ్బ తిన్న మనిషి ఊసే ఉండదు. తప్పులను పోల్చి చూడకూడదని నేను అనడం లేదు. పరీక్షలో చూచిరాత రాసిన పిల్లవాడికీ, తోటివాడి తల పగలగొట్టిన పిల్లవాడికీ ఒకే శిక్ష వేసే ఉపాధ్యాయుడు ఉండడు కాబట్టి ఆ పని మేము రోజూ చేస్తూనే ఉంటాం. నా అభ్యంతరమంతా మనం వాడుతున్న తూకపు రాయి మీద. అభిమానులుగా మన మనసుకు ఎంత కష్టం కలిగిందో చూసి తప్పు బరువును నిర్ణయిస్తున్నాం గాని, ఆ తప్పుకు బలైనవారు ఎంత పోగొట్టుకున్నారన్నది లెక్కలోకి రావడం లేదు.

2018 మార్చిని గుర్తు చేస్తాను. ఆ నెల 24న కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు బాన్‌క్రాఫ్ట్ బంతి గమనం మారేలా, నిబంధనలకు విరుద్ధంగా సాండ్‌పేపర్ ముక్కతో దాన్ని రుద్ది, ఆ ముక్కను ప్యాంటులోకి దోపుకోవడం కెమెరాకు చిక్కింది. వారం తిరక్కముందే కెప్టెన్ స్మిత్, వైస్ కెప్టెన్ వార్నర్‌లకు ఏడాది, బాన్‌క్రాఫ్ట్‌కు తొమ్మిది నెలలు నిషేధం పడింది. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఐపీఎల్ కప్పు అందించిన కెప్టెన్ వార్నరే కాబట్టి ఆ వార్త మన తెలుగువాళ్ల ఇళ్లలోనూ పిడుగులా పడింది. ఆయన కెప్టెన్సీ వదులుకున్నారు, ఆ ఏడాది ఐపీఎల్‌లో ఆడనివ్వలేదు. 2019లో తిరిగి వచ్చి 692 పరుగులతో ఆ సీజన్‌లో అందరికన్నా ముందు నిలిచినప్పుడు ఉప్పల్ స్టేడియం ఆయనను మళ్లీ గుండెలకు హత్తుకుంది. తప్పు ఒప్పుకున్నాడు, శిక్ష అనుభవించాడు, తిరిగి ఆడాడు. అది న్యాయంగానే జరిగిందని నా నమ్మకం.

దానికి రెండు రోజుల ముందు, అదే మార్చి 22న, మన క్రికెట్ బోర్డు మహమ్మద్ షమీ విషయంలో ఒక నిర్ణయం ప్రకటించింది. ఆయన భార్య గృహహింసతో పాటు డబ్బుకు సంబంధించిన ఆరోపణలు కూడా చేయడంతో బోర్డు ఆయన వార్షిక కాంట్రాక్టును ఆ నెల మొదట్లో ఆపింది. కోల్‌కతాలో పోలీసు కేసు నమోదైంది, ఆయన ఆరోపణలన్నింటినీ ఖండించారు. బోర్డు అవినీతి నిరోధక విభాగం విచారణ జరిపింది గాని, అది విచారించింది మ్యాచ్ ఫిక్సింగ్ కోణాన్ని మాత్రమే. ఆ కోణంలో తదుపరి చర్య అవసరం లేదని తేలగానే 22న కాంట్రాక్టు ఇచ్చేశారు. షమీ దోషి అని నేను అనడం లేదు, ఆ మాట చెప్పవలసింది న్యాయస్థానం. ఫిర్యాదులో రెండు రకాల తప్పులు ఉంటే, బోర్డు పుస్తకంలో ఒకదానికే గడి ఉందన్నదే నేను చూపిస్తున్నది. ఆటకు ద్రోహం జరిగిందా అని అడగడానికి ఒక విభాగం, అధికారి, గడువు అన్నీ ఉన్నాయి. మనిషికి ద్రోహం జరిగిందా అని అడగవలసి వస్తే, అది వారి ఇంటి విషయం అయిపోయింది.

ఇక ప్రజల సంగతి చూడండి. ఇదే షమీని మనవాళ్లలో కొందరు అన్నిటికన్నా ఎక్కువగా దుమ్మెత్తిపోసింది 2021 అక్టోబరు 24న దుబాయ్‌లో పాకిస్థాన్ చేతిలో ఓడిన రాత్రి. జట్టంతా ఓడితే నింద ఒక్కడి మీద, అదీ అతని మతం పేరుతో పడింది. మళ్లీ 2025 మార్చిలో, రంజాన్ నెలలో మ్యాచ్ మధ్య పానీయం తాగాడని మరో వైపు నుంచి నిందలు వచ్చాయి. ఎండలో బౌలింగ్ చేసేవాడు గొంతు తడుపుకోవడం ఎవరికి చేసిన కీడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంట్లో స్త్రీ చేసిన ఫిర్యాదు మీద రెండు రోజులు కూడా నిలవని మన ధర్మాగ్రహం, అసలు తప్పే కాని వాటి మీద వారాల తరబడి నిలిచింది.

హైదరాబాద్ వాళ్లకు ఇంకో పాత గాయం ఉంది. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారం బయటపడి, 99 టెస్టులు ఆడిన అజారుద్దీన్‌పై బోర్డు జీవితకాల నిషేధం విధించినప్పుడు, మణికట్టు తిప్పితే బంతి బౌండరీ దాటుతుందని పిల్లలకు కథలుగా చెప్పిన మాలాంటివాళ్లు సొంత ఇంట్లో దొంగతనం జరిగినంత బాధపడ్డాం. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ పన్నెండేళ్లలో నేను విన్న తిట్లన్నీ ‘మమ్మల్ని మోసం చేశాడు’ అన్న ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. డబ్బు పెట్టి టికెట్ కొన్న మనం మోసపోతే అది దేశద్రోహం. అదే ఒక అమ్మాయి మోసపోతే, రుజువులేవీ అని అడుగుతాం.

రెజ్లర్ల ఉద్యమంలో ఈ తూకం బట్టబయలైంది. 2023 జనవరిలో వినేశ్ ఫొగాట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా జంతర్ మంతర్ దగ్గర కూర్చుని రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్‌పై లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. మీ శాఖ మేరీ కోమ్ అధ్యక్షతన కమిటీ వేసింది. సమాఖ్యలో చట్టప్రకారం ఉండవలసిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ సరిగా లేదని ఆ కమిటీ చెప్పింది. అయినా ఏప్రిల్‌లో ఆ అమ్మాయిలు మళ్లీ రోడ్డెక్కి, సుప్రీంకోర్టు తలుపు తట్టాకే 28న పోలీసులు ఎఫ్‌ఐఆర్ నమోదు చేశారు. బ్రిజ్‌భూషణ్ ఆరోపణలను ఖండిస్తూనే ఉన్నారు, మైనర్ ఫిర్యాదుకు సంబంధించిన కేసును 2025 మేలో కోర్టు మూసివేసింది, మిగతా మహిళల ఫిర్యాదులపై 2024 మేలో అభియోగాలు నమోదయ్యాయి. తీర్పు కోర్టుకే వదిలేద్దాం. ఆ నెలల్లో మనం ఏం మాట్లాడుకున్నామో మాత్రం ఎవరూ మరచిపోకూడదు.

ఆటగాళ్లు వీధికెక్కడం క్రమశిక్షణారాహిత్యమని భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు పి.టి. ఉష అన్నారు. 1984 లాస్ ఏంజెలెస్‌లో సెకనులో నూరో వంతు తేడాతో ఆమె పతకం పోగొట్టుకున్న తర్వాతే నాలాంటి ఎందరో ఆడపిల్లలం ఇంట్లో పోట్లాడి వ్యాయామ విద్యలో చేరాం. అందుకే ఆ మాట మిగతావాళ్ల మాటలకన్నా లోతుగా గుచ్చుకుంది. కొద్ది రోజులకు ఆమే శిబిరానికి వెళ్లి వాళ్లను పలకరించారని ఇక్కడ చెప్పకపోతే నాది అన్యాయమవుతుంది. మే 28న కొత్త పార్లమెంటు భవనం వైపు నడవబోయిన రెజ్లర్లను రోడ్డు మీద ఈడ్చి బస్సులెక్కించి, అదే రోజు వాళ్ల మీద కేసు పెట్టారు. రెండు రోజుల తర్వాత పతకాలను గంగలో కలిపేస్తామని హరిద్వార్ వెళితే, దేశం ఇచ్చిన పతకాన్ని పారేయడం అవమానం కాదా అని మా వీధిలోనే చదువుకున్నవాళ్లు నన్ను నిలదీశారు. వేధింపు ఆరోపణను ఒక పళ్లెంలో, పతకం గౌరవాన్ని రెండో పళ్లెంలో పెట్టి, రెండో దాన్నే బరువైనదని తేల్చేశారు.

మంత్రివర్యా, నేను ఇంతగా పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక శిక్షణ శిబిరానికి మా జట్టును తీసుకెళ్లాను. ఆ రోజు ఉదయం పద్నాలుగేళ్లలోపు విభాగంలో ఒక కుర్రాడి స్టడీ సర్టిఫికెట్‌లో పుట్టిన సంవత్సరం దిద్ది ఉందని బయటపడింది. గంటలోపు అతణ్ని మైదానం మధ్యలో నిలబెట్టి, అందరి ముందూ పేరు కొట్టేసి, రేకు పెట్టె నెత్తిన పెట్టి బస్టాండుకు పంపేశారు. వయసు తక్కువ రాయించింది వాళ్ల నాన్న, పెట్టె మోసింది ఆ పిల్లవాడు. అదే సాయంత్రం మా ఖోఖో జట్టులో పదమూడేళ్ల పిల్ల నా దగ్గరికి వచ్చి, “టీచర్, మోకాలు నొప్పంటే సారు నూనె రాస్తారు, నాకు ఆయన రాయడం వద్దు” అంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పనవసరమూ లేదు. నేను నిర్వాహకుడి దగ్గరికి వెళ్లాను. “వయసు మోసం అంటే ఆటకే ద్రోహం మేడమ్. ఇది అలాంటిది కాదు. మనిషి కాస్త చనువు ఎక్కువ, అంతే. ఆయన చేతిలోంచి ఎంతమంది నేషనల్స్‌కు వెళ్లారో మీకు తెలుసా?” అన్నాడు. నేను కొత్తదాన్ని, నోరు మెదపలేకపోయాను. మర్నాటి నుంచి ఆ పిల్ల నొప్పి ఉందని చెప్పడమే మానేసింది. కుంటుతూనే పరుగెత్తింది, ఎవరైనా చూస్తే నవ్వింది, మరుసటి ఏడాది ఆటకే రాలేదు. నా మౌనం కూడా ఆ తప్పులో భాగమేనని ఒప్పుకుంటున్నాను.

‘ఎంతమందిని నేషనల్స్‌కు పంపాడో’ అన్న మాట తర్వాత చాలాసార్లు విన్నాను. రెండు ఒలింపిక్ పతకాల సుశీల్ కుమార్ 2021లో ఛత్రసాల్ స్టేడియంలో ఒక యువ రెజ్లర్ హత్య కేసులో అరెస్టయినప్పుడు, దేశానికి ఇంత చేసినవాడికి ఈ గతా అని జాలిపడ్డవాళ్లు నాకు తెలుసు. ఆ కేసు విచారణ ఇంకా ముగియలేదు. చనిపోయిన కుర్రాడు కూడా పతకం కోసమే ఆ మట్టిలో దిగినవాడన్న సంగతి మాత్రం ఎవరి నోటా వినలేదు.

అన్నిటికీ కఠిన శిక్షలే వేయమని నేను కోరడం లేదు. ఆటలో రాణించడానికి నిషేధిత మందులు వాడే డోపింగ్‌నే తీసుకుంటే, 2023లో ఐదు వేలకు పైగా నమూనాలు పరీక్షించిన దేశాల్లో మన దేశంలోనే 3.8 శాతంతో అత్యధిక నమూనాలు దొరికిపోయాయి. అది సిగ్గుపడవలసిన సంగతే. అయినా గురువు ఇచ్చిన మాత్రను విటమిన్ అనుకుని మింగిన పదిహేడేళ్ల పిల్లనూ, తెలిసి ఆ మాత్ర ఇచ్చినవాణ్నీ ఒకే గాటన కట్టి దొంగలని పిలవడం న్యాయం కాదు. నిషేధం పిల్ల పేరు మీద పత్రికలకెక్కుతుంది, ఇచ్చినవాడు మరో ఊళ్లో మరో జట్టును తయారుచేస్తూ ఉంటాడు.

కాబట్టి ఈ కొత్త చట్టం కింద నియమాలు రాసేటప్పుడు మొట్టమొదట ఒక మాట స్పష్టంగా చేర్చమని వేడుకుంటున్నాను: ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి సాధించిన పతకాలు గాని, తయారుచేసిన శిష్యుల సంఖ్య గాని విచారణ మొదలుపెట్టాలా వద్దా అన్న నిర్ణయంలో లెక్కలోకి రాకూడదు. శారీరకంగా, లైంగికంగా హాని జరిగిందన్న ఫిర్యాదుకు కూడా ఫిక్సింగ్ ఫిర్యాదుకు ఉన్నట్టే విచారించే అధికారి, గడువు, వెలువరించే నిర్ణయానికి రాతపూర్వకమైన కారణాలు ఉండాలి. ఆ అధికారి సంఘం జీతం తీసుకునేవాడు కాకూడదు. విచారణ తేలేవరకు ఆరోపితుణ్ని శిబిరం నుంచి దూరంగా ఉంచాలే తప్ప, ఫిర్యాదు చేసిన పిల్లను ఇంటికి పంపకూడదు. ఆరోపణ తప్పని తేలితే ఆ మాటను కూడా అంతే గట్టిగా ప్రకటించి, అతని స్థానం అతనికి ఇవ్వాలి. కోర్టులో కేసు ఉందన్న సాకుతో సంఘాలు తమ పని ఎగ్గొట్టడానికి వీలుండకూడదు, ఎందుకంటే కోర్టు చూసేది నేరాన్ని, సంఘం చూడవలసింది ఆ మనిషిని రేపు ఉదయం పిల్లల మధ్యకు పంపవచ్చా అన్నదాన్ని.

ఆనాటి ఖోఖో పిల్ల ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. పెద్దమ్మాయి పన్నెండేళ్లది, కాళ్లలో తల్లి వేగమే ఉంది, ఈ మధ్యే జిల్లా జట్టుకు ఎంపికైంది. శిబిరం కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చి, “టీచరు గారూ, అక్కడ ఏదైనా అయితే నా బిడ్డ ఎవరికి చెప్పాలి?” అని అడిగింది. ఆ కాగితాల్లో తేవలసిన బూట్లు, ఆధార్ జిరాక్సులు, ఫొటోల సంఖ్య అన్నీ ఉన్నాయి, ఆమె అడిగినదానికి జవాబు మాత్రం లేదు. శిబిరానికి ఇచ్చే ప్రతి అనుమతి పత్రం మీద, ప్రతి మైదానం గోడ మీద, ఆ రాష్ట్రం భాషలో, సంఘంతో సంబంధం లేని ఒక వ్యక్తి పేరు, ఫోన్ నంబరు ఉండేలా ఆదేశాలు ఇవ్వమని మిమ్మల్ని కోరుతున్నాను. ఆమె కాగితాలు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయిని,
తెనాలి