థానే నుంచి శీనుకి

ఒరేయ్ శీనూ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు లోకల్ రైల్లో వేలాడుతున్నాను, సరిగ్గా మాట్లాడలేకపోయాను. అమెరికా కాలేజీ పిల్లలు ఇంత దూరం వచ్చి బస్తీలో పాఠాలు చెప్పడమేంటి, పైగా యూదుల పిల్లలే రావడమేంటి అని అడిగావు. అది ఫోన్లో తేలే సంగతి కాదు. తీరిగ్గా రాస్తున్నా, నువ్వూ తీరిగ్గా చదువు.

మా థానే పక్కనే కల్వా. అక్కడి బస్తీల్లో గాబ్రియేల్ ప్రాజెక్ట్ ముంబై అనే సంస్థ 2012 నుంచి పిల్లల చదువు, తిండి చూస్తోంది. వంట చేసేది ఆ బస్తీ ఆడవాళ్ళే, దాంతో వాళ్ళకీ నాలుగు డబ్బులొస్తాయి. విదేశాల నుంచి వచ్చిన యూదు కుర్రాళ్ళు, అమ్మాయిలు కొన్ని వారాలుండి ఇంగ్లీషు, శుభ్రత నేర్పుతారు. ఇలాంటి కాలేజీ పిల్లల్ని దేశదేశాలకి పంపే వాటిలో జాయింట్ అని అందరూ పిలిచే అమెరికన్ యూదు సంస్థ ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో చిక్కుకున్న యూదుల్ని ఆదుకోవడానికి 1914లో పుట్టింది. నేను కూడా సెలవుల్లో లెక్కలు చెప్పడానికి వెళ్తుంటాను కాబట్టి ఈ పిల్లలు నాకు పరిచయం. పాఠాలు చెప్పడం ఒక ఎత్తు, బస్తీ దాటి ఇక్కడి యూదుల ఇళ్ళకి వెళ్ళాక వాళ్ళలో వచ్చే మార్పు ఇంకో ఎత్తు.

మా వీధి చివర ఒక ముసలావిడ ఉంది, అందరం ఆజీ అంటాం. నూలు చీర, మెళ్ళో నల్లపూసలు, నోరు తెరిస్తే మరాఠీ. ఆవిడ యూదురాలని తెలిసి ఒకమ్మాయి అలా చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల ముత్తాతలు పోలండ్ నుంచి న్యూయార్క్ చేరినవాళ్ళు. యూదులంటే అందరూ తమ ఇంట్లోవాళ్ళలాగే ఉంటారనుకుంటూ పెరిగింది.

ఆజీ వాళ్ళని బెనె ఇజ్రాయెల్ అంటారు. ఎన్నో వందల ఏళ్ళ కిందట అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ తీరాన ఓడ పగిలిపోతే ఏడు జంటలు బతికి బయటపడ్డాయనీ, తాము వాళ్ళ సంతానమనీ చెప్పుకుంటారు. కొంకణ్ ఊళ్ళలో గానుగ ఆడించి బతికారు. శనివారం యూదులకి సబ్బాతు, అంటే పని చెయ్యకూడని విశ్రాంతి దినం. ఆ రోజు గానుగ కట్టేవాళ్ళు కాదు, అందుకే ఊళ్ళో వాళ్ళకి శనివార్ తేలీ, అంటే శనివారం గానుగవాళ్ళు అని పేరు. 1948 తర్వాత ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. ఇప్పుడు నాలుగైదు వేలమంది మిగిలారు, అందులో చాలామంది ముంబై, థానేల్లోనే. మా థానే సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, 1879 నాటిది, ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి.

ఒక శుక్రవారం సాయంత్రం ఆజీ ఆ పిల్లల్ని భోజనానికి పిలిచి నన్నూ రమ్మంది. సబ్బాతు మొదలయ్యే ఆ పూట ప్రార్థనకి వాడే వైన్ బదులు నల్ల ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన షర్బత్ పెట్టింది. కూరలో కొబ్బరిపాలు, ఎందుకంటే వాళ్ళు మాంసంతో పశువుల పాలు కలపరు. ఏలీయా ప్రవక్తకి మొక్కు తీర్చేటప్పుడు చేసే మలీదా గురించి కూడా చెప్పింది. అటుకులు, కొబ్బరి, పంచదార, పళ్ళు! నాకు మా అమ్మ కృష్ణాష్టమికి కలిపే అటుకులు గుర్తొచ్చాయి. ప్రార్థన మొదలవగానే పిల్లలు గొంతు కలిపారు. హీబ్రూ మాటలు వాళ్ళకి వచ్చినవే, రాగం మాత్రం కొత్తది. రెండో వరుసకి ఆగి, ఆజీ ఎలా అంటే అలా అనడం మొదలుపెట్టారు.

భోజనాలయ్యాక ఆవిడ ఇజ్రాయెల్ వెళ్ళిన తన అన్నయ్య కథ చెప్పింది. 1960ల మొదట్లో అక్కడి ప్రధాన రబ్బీలు, అంటే యూదు మతగురువులు, బెనె ఇజ్రాయెల్ వాళ్ళు పెళ్ళి చేసుకోవాలంటే ముందు యూదు వంశమేనా అని విచారించాలన్నారు. ఇన్ని తరాలు సబ్బాతు నిలబెట్టుకున్న మనుషుల్ని పట్టుకుని! వాళ్ళు జెరూసలేంలో ఆందోళనకి దిగారు, చివరికి 1964లో ఆ ఆదేశం మారింది. "మీకు కోపం రాలేదా?" అని ఒక కుర్రాడడిగాడు. "రాకపోతే రోడ్డు మీద ఎందుకు కూర్చుంటారు నాయనా" అంది ఆజీ. అప్పటిదాకా ఆ కుర్రాడు "ఈ చిన్న సమాజానికి మేమేం చెయ్యగలం" అని అడుగుతూ వచ్చాడు. ఆ రాత్రి మాత్రం, వాళ్ళ కాలేజీలో ఈ చరిత్ర ఎందుకు చెప్పలేదని అడిగాడు. ఈ ప్రయాణాలన్నిటికీ అసలు ఫలం ఆ ప్రశ్నే అని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే హడావుడి ట్రిప్పులు చూస్తే నాకు బాధ. ముంబైలో బైకుల్లాలో మాగెన్ డేవిడ్ సినగాగ్, కాలా ఘోడాలో కెనెసెత్ ఎలియాహూ, ఫోటోలు, ఎయిర్‌పోర్ట్. ఆ కట్టడాలు చూడదగ్గవే, కాదనను. కానీ పిల్లలంతా ఇజ్రాయెల్లో స్థిరపడి, ఇక్కడ ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్ళకి కావలసింది కూర్చుని వినే మనిషి. ఆ న్యూయార్క్ అమ్మాయి ఇప్పటికీ ఆజీకి శుక్రవారం ఫోన్ చేస్తుంది, అక్కడ పొద్దున, ఇక్కడ దీపాలు పెట్టే వేళ. ఆజీ ఫోన్ పక్కనే కుర్చీ వేసుకుంటుంది.

ఇక నీకో పని. పొన్నూరు నుంచి గుంటూరు వెళ్ళేటప్పుడు చేబ్రోలు తగులుతుంది కదా. ఆ పక్క కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు, బెనె ఎఫ్రాయిం అంటారు. మాదిగ కుటుంబాలు, ముందు క్రైస్తవులు. తమ పూర్వీకులు బైబిల్లో చెప్పిన ఎఫ్రాయిం గోత్రం వాళ్ళని చెబుతారు, 1991లో సినగాగ్ పెట్టుకున్నారు. ఇజ్రాయెల్ దేశం మాత్రం వీళ్ళని ఇంకా యూదులుగా గుర్తించలేదు. ఈ మాట చెప్పినప్పటి నుంచి ఇక్కడి అమెరికా పిల్లలు అక్కడికి వెళ్ళాలని ఒకటే గొడవ. నువ్వొకసారి వెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడు. వీళ్ళు రావడం వాళ్ళకి ఇష్టమేనా, వస్తే ఏం చెయ్యాలనుకుంటున్నారో వాళ్ళనే అడుగు. ఇష్టం లేదంటే బలవంతం వద్దు. శుక్రవారం పొద్దుగూకేలోపు వెళ్ళు, తర్వాత శనివారం సాయంత్రం దాకా వాళ్ళకి సబ్బాతు. ఆ వేళలో కెమెరా తియ్యకు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. జవాబు రాయి, లేదా వాళ్ళతో మాట్లాడిన రోజు రాత్రే ఫోన్ చెయ్యి.

నీ
ప్రసాద్