ఆ బోయాలు ఇసుక మీదే వేయించండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. నేను డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది జీవితంలో మొదటిసారి సముద్రం లోపలికి దిగేవాళ్లే. తీరానికి దగ్గరగా, లోతు తక్కువగా ఉన్న పగడపు దిబ్బను కొత్తవాళ్ల డైవింగ్ స్థలంగా ప్రకటించాలని, పడవలు కట్టుకోవడానికి అక్కడ బోయాలు (అడుగున బిగించిన తాడుకు కట్టి నీటి మీద తేలే డబ్బాలు) వేయించాలని మీ శాఖ అనుకుంటున్నట్టు తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. మంచి నిర్ణయం. నేను ముఖ్యంగా అడిగేది ఒక్కటే. ఆ బోయాలను పగడాల మీద కాకుండా, దిబ్బకు కాస్త పక్కనున్న ఇసుక మీద వేయించండి. వినడానికి చిన్న మాటే. కానీ ఆ దిబ్బ ఇంకో పదేళ్లు ప్రాణంతో ఉంటుందా లేదా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంది.

ఎందుకో చెబుతాను.

కొత్తవాళ్లను అలాంటి దిబ్బకే తీసుకెళ్లాలి, అందులో అనుమానం లేదు. మూడు నాలుగు మీటర్ల లోతులో వెలుతురు బాగుంటుంది. నీళ్లలో ముందుగా మాయమయ్యేది ఎరుపు రంగు. ఇంకా లోతుకు వెళ్తే అన్నీ నీలంగా, బూడిదగా కనిపిస్తాయి. అదే పైన అయితే ప్రతి చేపా తన అసలు రంగులో కనబడుతుంది. కాసేపు కదలకుండా ఉంటే కరకరమని చప్పుడు వినిపిస్తుంది. చిలక చేపలు తమ ముక్కులాంటి పళ్లతో రాళ్లను గీకుతున్న చప్పుడు అది. అవి నాచుతో పాటు మింగిన సున్నపురాయే పొట్టలో పొడై ఇసుకగా బయటికొస్తుంది. చాలా పగడపు దీవుల్లో మనం నడిచే తెల్లటి ఇసుకలో ఎంతో భాగం వాటి పుణ్యమే. ఇది చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి సార్, పైకి వచ్చాక ఆ చేప గురించే మాట్లాడతారు.

అయితే లోతు తక్కువ కాబట్టి అంతా సులువు అని అందరూ అనుకుంటారు. నిజానికి డైవింగ్‌లో ఒంటిని ఒకచోట నిలబెట్టుకోవడం అన్నిటికంటే కష్టమయ్యేది పై పది మీటర్లలోనే. నీటి ఉపరితలం దగ్గర ఉన్న ఒత్తిడి పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి రెట్టింపవుతుంది. ఇరవై మీటర్లకు వెళ్తే మూడు రెట్లు. అంటే పది మీటర్ల నుంచి పైకి వస్తే, తేలడానికి మేం గాలి నింపుకునే జాకెట్‌లోని గాలి రెండింతలు ఉబ్బుతుంది. ఇరవై నుంచి పదికి వస్తే ఒకటిన్నర రెట్లే. అందుకే లోతు తక్కువ ఉన్నచోట ఒక్క మీటరు తేడా వచ్చినా మనిషి బంతిలా పైకి లేస్తాడు, లేదంటే రాయిలా కిందికి జారతాడు. కొత్తవాళ్లు టెన్షన్‌లో గట్టిగా గాలి పీలుస్తారు, పైకి తేలిపోతారు. భయపడి గాలంతా వదిలేస్తారు, కిందికి పడతారు. ఆ కింద ఏముందన్నదే అసలు ప్రశ్న.

నా కళ్ల ముందే జరిగింది ఒకటి చెప్పాలి. ఒకసారి తల్లీకూతుళ్లను తీసుకెళ్లాను. పడవ కట్టిన బోయా సరిగ్గా కొమ్ముల పగడాల గుబురు మీద ఉంది. తాడు పట్టుకుని దిగమంటే కిందికి చేరేది అక్కడికే. తల్లి బాగానే దిగారు. నాలుగు మీటర్ల దగ్గర మాస్క్‌లోకి కొంచెం నీళ్లు వచ్చాయి. ఆమె కంగారుగా నిటారుగా నిలబడి, సైకిల్ తొక్కుతున్నట్టు కాళ్లు ఆడించారు. నేను చేయి అందుకునేలోపు, ఈదడానికి కాలికి తొడుక్కునే రెక్కలాంటి ఫిన్ అంచు ఒక కొమ్మకు తగిలింది. టక్ మని చిన్న చప్పుడు. లేత నీలం కొనలున్న కొమ్మ, నా మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంటుంది, విరిగి పక్కకు ఒరిగింది. విరిగినచోట సుద్దముక్కలా తెల్లగా ఉంది. ఆ కొమ్మల సందుల్లో ఉండే వేలెడంత చేపలు ఒక్కసారిగా చెదిరిపోయాయి. కాసేపటికి తిరిగొచ్చి, ఇంతకుముందు కొమ్మ ఉన్న ఖాళీ చుట్టూనే తిరిగాయి. ఆమెకు ఏం జరిగిందో తెలియదు. నేనూ చెప్పలేదు. తప్పు ఆమెది కాదు, ఆమెను అక్కడ దింపిన నాది. బోయా పాతిక మీటర్లు అవతల, ఇసుక మీద ఉండుంటే ఆ ఫిన్ ఇసుకకే తగిలేది.

కొమ్ముల పగడం ఏడాదికి, అన్నీ కలిసొస్తే, పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. గుండ్రటి బండల్లా పెరిగే రకాలైతే ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే. అన్ని వైపులకూ అలా పెరుగుతుంది కాబట్టి, మీటరు వెడల్పున్న బండ కనబడితే అది యాభై ఏళ్ల వయసుదైనా కావచ్చు. పైగా పగడం రాయి కాదు, ప్రాణి. రాయిలాంటి గూడు మీద పలచటి చర్మంలా బతికే వేల చిన్న జీవులు కలిస్తే ఒక పగడం. చేత్తో ఊరికే తడిమినా ఆ చర్మం గీరుకుపోతుంది. ఒక్కడు చేసే నష్టం చిన్నదే. కానీ కొత్తవాళ్ల స్థలం అంటే రోజూ వచ్చేవాళ్లందరూ కొత్తవాళ్లే. అందరూ అదే తాడు పట్టుకుని అదే చోట దిగుతారు. నిన్న తగిలిన దెబ్బ మానేలోపు ఇవాళ ఇంకొకటి తగులుతుంది.

అందుకే నేర్చుకునే చోటు, చూసే చోటు వేరుగా ఉండాలంటున్నాను. ఇసుక మీద దిగాలి. మాస్క్‌లో నీళ్లు ఖాళీ చేయడం, చెవుల్లో ఒత్తిడి సర్దుకోవడం, ఊపిరితో ఒంటిని నిలబెట్టుకోవడం అక్కడే చేయాలి. పదిహేను నిమిషాలు చాలు. ఆ తర్వాతే దిబ్బ వైపు ఈదాలి. కుదురుకోని వాళ్లకు ఆ రోజు ఇసుక చాలు, అక్కడా చూడటానికి చాలానే ఉంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. కొత్తవాళ్ల కాళ్లు ఇసుకను రేపుతాయి, ఆ మట్టి పగడాల మీద పడితే వాటికి వెలుతురు, ఊపిరి రెండూ ఆడవు. కాబట్టి దిబ్బను ఆనుకుని కాకుండా కొంచెం దూరంగా, నీటి వాలు (ప్రవాహం) దిబ్బ వైపు లేని పక్కన చోటు ఎంచాలి. ఇది ఆఫీసులో మ్యాప్ చూసి తేల్చేది కాదు.

బోయాల విషయంలో మనం కొత్తగా కనిపెట్టాల్సింది కూడా ఏమీ లేదు. 1980ల మొదట్లోనే ఫ్లోరిడాలోని కీ లార్గోలో జాన్ హాలస్ అనే జీవశాస్త్రజ్ఞుడు, పడవల లంగర్లు దిబ్బలను పిండి చేస్తుంటే చూడలేక, అడుగున రాతికి రంధ్రం వేసి స్టీలు కడ్డీ బిగించి దానికి బోయా కట్టే పద్ధతి తెచ్చారు. ఇసుకలో అయితే స్క్రూలా తిరుగుతూ లోపలికి దిగే లంగరు సరిపోతుంది. అడుగున గొలుసు ఈడ్చుకుపోకుండా తేలే తాడు వాడాలి, అంతే.

కరీబియన్‌లోని బొనైర్ దీవిలో 1979 నుంచి మెరైన్ పార్క్ ఉంది. అక్కడ పగడాల మీద లంగరు వేయనివ్వరు, డైవర్లను గ్లవ్స్ వేసుకోనివ్వరు. చేతికి గ్లవ్ ఉంటే ఏదో ఒకటి పట్టుకోవాలనిపిస్తుంది కదా. ఎన్ని వందల డైవ్‌లు చేసినవాడైనా ముందు ఒక పరిచయ డైవ్ చేసి, తన ఒళ్లు తన అదుపులో ఉందని చూపించాలి. అంత అనుభవం ఉన్నవాళ్లకే అక్కడ ఆ నియమం ఉన్నప్పుడు, మొదటిరోజు వాళ్లకు మనం ఏ నియమమూ పెట్టకపోతే ఎలా?

ఇక మనుషుల లెక్క. డైవింగ్ శిక్షణ ఇచ్చే అంతర్జాతీయ సంస్థ PADI పద్ధతిలో, మొదటిసారి దిగేవాళ్లకు సముద్రంలో చేయించే పరిచయ డైవ్‌కు గరిష్ఠ లోతు 12 మీటర్లు, ఒక ఇన్‌స్ట్రక్టర్‌తో నలుగురికి మించకూడదు. నా అనుభవంలో నలుగురూ ఎక్కువే. నాకున్నవి రెండు చేతులు. ఇద్దరికే అనుమతి ఇవ్వండి. దీనికి పగడాలొక్కటే కారణం కాదు. ఊపిరి బిగబట్టి పైకి లేస్తే మీటరున్నర లోతు నుంచి కూడా ఊపిరితిత్తులకు గాయం కావచ్చు. మొదటి డైవ్‌లో కెమెరా చేతికి ఇవ్వకూడదని కూడా రాయండి. ఫొటో కోసం చూసేవాళ్లకు తమ కాళ్లు ఎక్కడున్నాయో గుర్తుండదు.

ఇంకొక సంగతి. సముద్రం వేడెక్కుతోంది. ప్రపంచవ్యాప్తంగా పగడాలు నాలుగోసారి తెల్లబారుతున్నాయని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర పరిశోధన సంస్థ నోవా ప్రకటించింది. మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా, పగడాలు తమ ఒంట్లోనే ఉండి తమకు తిండి పెట్టే నాచును బయటికి నెట్టేసి తెల్లగా పాలిపోతాయి. వెంటనే చచ్చిపోవు, వేడి త్వరగా తగ్గితే కోలుకోగలవు. ఆ వారాల్లో వాటిని తాకకుండా వదిలేయాలి. 2016లో థాయ్‌లాండ్ అలాగే కొన్ని డైవింగ్ స్థలాలను మూసేసింది. మన దగ్గర కూడా మూసే అధికారం ఎవరిదో ముందే రాసి పెట్టండి. ఆ రోజుల్లో పడవవాళ్లకు, మాలాంటివాళ్లకు ఆదాయం పోతుంది. నిజమే, నాకూ పోతుంది. ప్రవేశ రుసుములో కొంత పక్కన పెట్టి ఆ రోజులకు ఇస్తే మూసివేతను ఎవరూ కాదనరు. దిబ్బ పోతే ఎలాగూ అందరికీ పని పోతుంది.

చివరిగా ఒక అభ్యర్థన. బోయాల చోటు గుర్తించే సర్వే పెద్ద అలలు తగ్గాక, నీళ్లు తేటపడ్డాక చేయించండి. అలల కాలంలో ఇసుక కదులుతుంది. నిరుడు ఇసుక ఉన్నచోట ఈ ఏడు రాయి బయటపడుతుంది. మీ ఇంజినీర్లతో పాటు నేనూ నీళ్లలోకి దిగుతాను, జీతం అక్కర్లేదు. ఏ పాయలో ఇసుక ఏడాది పొడవునా నిలుస్తుందో, పొద్దున్న నీటి వాలు ఎటు ఉంటుందో, సాయంత్రానికి ఎటు తిరుగుతుందో నీళ్లలో రాసుకునే నా పలక మీద రాసి పెట్టుకున్నాను. మీ శాఖ నుంచి కబురు వస్తే మర్నాడే పడవ దగ్గర ఉంటాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్