నాన్న చేతిరాత మాకు మళ్లీ చూపించిన ముగ్గురికి

పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే మీకే తెలుస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలికి విశాఖ కంచరపాలెంలో మా ఇంటి కిటికీ రెక్క ఊడిపోయి, బీరువా మీదున్న ఆల్బమ్ తడిసిపోయింది. అట్ట మీద జిగురు చారలు, పైన ప్లాస్టిక్ పొర ఉండే పాతకాలం ఆల్బమ్ అది. ఆరాక చూస్తే ఫొటోలన్నీ అట్టకి కరుచుకుపోయాయి. ఒకటి లాగబోతే సరిగ్గా నాన్నమ్మ చెంప దగ్గర చిరిగింది. మళ్లీ దాని జోలికి పోలేదు. నిరుడు నాన్న పోయాక అమ్మ రోజూ ఆ ఆల్బమే అడుగుతోంది.

స్క్రాప్‌బుక్‌లు చేసే ఎంవీపీ కాలనీ అక్కని సలహా అడిగితే, సాయంత్రానికి తనే వచ్చేసింది. "ఏటమ్మా తొందర? ముందు స్కాన్ చేయించు, తర్వాతే చెయ్యి పెడదాం" అంది. డాబాగార్డెన్స్ స్టూడియో మావయ్యగారు పేజీలు ఉన్నవి ఉన్నట్టే 600 డీపీఐలో, అంటే చిన్న వివరం కూడా స్పష్టంగా కనపడేలా, స్కాన్ చేసి, పైసా తీసుకోలేదు. "మీ నాన్నగారి పెళ్లి ఫొటోలు తీసింది నేనేనమ్మా" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఆ ఆదివారం అక్క డెంటల్ ఫ్లాస్ దారం ఫొటో మూల కిందికి పోనిచ్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగింది. ఒక్కో ఫొటోకి పావుగంట. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. మూడో ఫొటో ఊడొచ్చాక వెనక్కి తిప్పితే నీలం సిరాతో నాన్న రాత: "సింహాచలం, చందనోత్సవం. పాప మెట్లెక్కనని ఏడ్చింది. ఎత్తుకున్నాను."

ఏడాదికి ఒక్కరోజే స్వామి నిజరూప దర్శనం. ఆ జనంలో, ఆ ఎండలో నన్ను ఎత్తుకుని ఎక్కారు. ఇన్నేళ్లూ ఆ మాట జిగురు కింద ఉండిపోయింది.

ఇప్పుడు ఫొటోలకి జిగురు తగలనివ్వడం లేదు. ఆమ్లం లేని కాగితం మీద కాగితపు మూలల్లో దోపుతున్నాం, కావాలంటే మళ్లీ తీసుకోవచ్చు. పేపర్ కటింగ్ పక్కన పెడితే ఫొటో కూడా పాడవుతుందని అక్క చెబితే, నాన్న రిటైర్మెంట్ వార్త జిరాక్స్ తీసి అతికించాం. మన సముద్రపు గాలి తేమకి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేశాం.

పూర్ణా మార్కెట్ దగ్గర బైండింగ్ బాబాయ్‌కి ఆ చందనోత్సవం ఫొటో చూపిస్తే కాసేపు ఆలోచించి, పేజీకి చిన్న కిటికీ కోశారు. ఇటు చూస్తే ఫొటో, పేజీ తిప్పితే నాన్న రాత. ఆ ఆలోచన పూర్తిగా ఆయనదే. మీ చేతులకి దణ్ణం, బాబాయ్.

అక్కా, మావయ్యగారూ, మీరు చేసినదానికి ఏమిచ్చినా తక్కువే. అమ్మ ఇప్పుడు రాత్రిళ్లు ఒక్కో ఫొటో చూస్తూ ఎవరు ఎవరో చెబుతోంది, నేను ఆ కింద రాస్తున్నాను. ఇంకా పంతొమ్మిది ఫొటోలు అట్టకే ఉన్నాయి. వచ్చే ఆదివారం అక్క వస్తానంది. పనసపొట్టు కూర చేస్తానని అమ్మ ఇవాళే చెప్పమంది.