ఆ ఎలుక బరువెంత?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపి 'త్వరలో మనుషులకూ సుప్తావస్థ' అని పెద్ద అక్షరాలతో వార్త వేశారు. సుప్తావస్థ అంటే కొన్ని జంతువులు ఒళ్లు చల్లబరచుకుని, జీవక్రియ బాగా తగ్గించుకుని పడుండే మొద్దునిద్ర లాంటి స్థితి. సోమవారం పొద్దున్నే మా కింద వాటా అమ్మాయి ఆ పేజీ పట్టుకుని పైకొచ్చింది. వాళ్ల తమ్ముడు బైక్ మీద నుంచి పడి పది రోజులుగా ఐసీయూలో ఉన్నాడు. "బాబాయిగారూ, మీరు ఆసుపత్రిలో చేశారు కదా, ఇది మన దగ్గర ఏ ఊళ్లో చేస్తారు? ఎంతవుతుంది?" అంది. ఏ ఊళ్లోనూ చెయ్యరమ్మా అని నచ్చజెప్పడానికి అరగంట పట్టింది.

నేను 27 ఏళ్లు గుండె ఆపరేషన్ల థియేటర్లో అనస్థీషియా టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మనిషిని చల్లబరచడం మాకు కొత్త కాదు. బృహద్ధమనికి (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళానికి) పెద్ద ఆపరేషన్ అంటే, గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషీన్‌లో రక్తాన్ని చల్లార్చి, ఒంటి వేడిని 18 డిగ్రీల దాకా దించి, ఆ మెషీన్ కూడా ఆపేసేవాళ్లు. తల చుట్టూ ఐసు సంచులు సర్దడం నా పని. వేళ్లు కొంకర్లు పోయేవి. సర్జన్‌కి చేతిలో ఉండేది అరగంట, కాస్త అటూ ఇటూ. గోడ గడియారం చూస్తూ ఐదేసి నిమిషాలకోసారి టైము పైకి చెప్పేవాణ్ణి.

అది సుప్తావస్థ కాదు, బలవంతం. ఒళ్లు ఒప్పుకోదు గనకే మత్తుమందు, కండరాలు కదలకుండా ఇంకో మందు. వాటి పట్టు సడలేసరికి ఒళ్లు పూర్తిగా వేడెక్కకపోతే పేషెంటు మంచం గలగలలాడేలా వణికేవాడు. కుట్లు పడ్డ గుండెకి ఆ వణుకు మోయలేని బరువు.

శాస్త్రవేత్తలు వెతుకుతున్నది ఆ వణుకు రాని చల్లదనాన్ని. 'వేడి తగ్గినా ఫర్వాలేదు' అని మెదడే ఒప్పుకోవాలి. 2020లో జపాన్‌లో సుకుబా విశ్వవిద్యాలయం, రికెన్ పరిశోధన సంస్థ వాళ్లు మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ అనే భాగంలో కొన్ని కణాలను తట్టిలేపి చుంచెలుకలను అలాంటి స్థితిలోకి పంపారు. 2023లో అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు పుర్రె కొయ్యకుండా, బయటి నుంచి అల్ట్రాసౌండ్‌తోనే ఆ పని చేసి రోజంతా నిలబెట్టారు. చదివి ఆశ్చర్యపోయాను, కాదనను.

నా ఫిర్యాదల్లా 'ఎలుక' అనే మాట మీద. ఇంగ్లిష్‌లో మౌస్ (చుంచెలుక), ర్యాట్ (పెద్ద ఎలుక) రెండూ వేరు. మీరు రెంటినీ ఎలుక అనే రాశారు. పాతిక ముప్పై గ్రాముల చుంచెలుక తిండి లేకపోతే తనంతట తానే కొన్ని గంటలు చల్లబడి ముడుచుకుంటుంది. దానికి ఆ దారి ముందే తెలుసు. పెద్ద ఎలుకకు ఆ అలవాటు లేదు, మనలాగే. అల్ట్రాసౌండ్ పెద్ద ఎలుకలో దించింది ఒకటి రెండు డిగ్రీలు. అసలు కబురు అదే. అది మీ వార్తలో లేదు.

ఇలాంటి ఆశ ఇంతకుముందూ పుట్టింది. 2005లో అమెరికాలోని సియాటిల్‌లో కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను (మ్యాన్‌హోల్లో దిగినవాళ్ల ప్రాణాలు తీసే గ్యాసే) కొద్దిగా గాలిలో కలిపి చుంచెలుకలకు పీల్చనిచ్చారు. జీవక్రియ పదో వంతుకు పడిపోయింది. ఆరు గంటల తర్వాత మంచి గాలి తగలగానే మామూలుగా తిరిగాయి. ఆ తర్వాత గొర్రెల మీద, పందుల మీద చూస్తే అలా జరగలేదు. పెద్ద ఒళ్లు ఊరికే చల్లబడదు. గ్లాసులో టీకి, గుండిగలో సాంబారుకి ఉన్న తేడా.

ఇలాంటి వార్త మళ్లీ వేసినప్పుడు ఏ జంతువు, దాని బరువెంత, ఎన్ని డిగ్రీలు దిగింది, ఎన్ని గంటలు ఉంది అన్నవి మొదటి పేరాలోనే రాయండి. ఐసీయూ బయట బెంచీల మీద కూర్చుని పేపరు చదివేవాళ్లు మొదటి పేరా దాటి వెళ్లరు.

ఇట్లు,
రిటైర్డ్ అనస్థీషియా టెక్నీషియన్,
కాకినాడ