వార్షిక నివేదిక 2024–25: దగ్గుతున్న పిల్లులు, వానాకాలపు నత్తలు, మన వీధులు

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

ఏటా ఈ నివేదిక మురుగు కాలువల పూడికతీతతో మొదలై జమాఖర్చుల దగ్గర ముగుస్తుంది. ఈసారి ఆ వరుస మార్చాను. ఆగస్టులో మన చేతుల మీదుగా ఒక పిల్లి చనిపోయింది. ముందుగా చెప్పవలసింది ఆ సంగతే.

రెండో వీధి మలుపులో కిరాణా కొట్టు అరుగు మీద పడుకునే చారల పిల్లి మీకందరికీ తెలుసు. వీధి పిల్లులకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించాలన్న తీర్మానం ప్రకారం మొదట తీసుకువెళ్లింది దాన్నే. ఎలా ఉందని డాక్టరుగారు అడిగితే బాగానే తింటోందని చెప్పాం. అది రెండు వారాలుగా దగ్గుతున్న సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. ఒళ్లు నాకినప్పుడు మింగిన వెంట్రుకలు గొంతుకు అడ్డం పడి దగ్గుతోందనుకున్నాం. మెడ ముందుకు చాచి, నేలకు ఆనుకుని, ఆగి ఆగి దగ్గేది. ఇప్పుడు తలచుకుంటే కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. మత్తుమందు ఇచ్చాక దాని ఊపిరి నిలవలేదు.

డాక్టరుగారు మమ్మల్ని అడిగి, శవాన్ని కోసి చూశారు. ఊపిరితిత్తుల పైభాగంలో ఆవగింజంత మొదలుకొని జొన్నగింజంత వరకు బూడిదరంగు గడ్డలు ఉన్నాయి. ఒక గడ్డను గీకి సూక్ష్మదర్శిని కింద పెడితే గుడ్లు, చుట్టచుట్టుకుని కదులుతున్న పిల్ల పురుగులు కనిపించాయి. పిల్లుల ఊపిరితిత్తుల్లో ఉండే ఈ సన్నని పురుగును శాస్త్రవేత్తలు ఏలూరోస్ట్రాంజిలస్ అంటారు. చాలా పిల్లుల్లో ఇది పైకి ఏ జాడా చూపదు. కూనల్లోనూ, పురుగులు ఎక్కువగా చేరిన పిల్లుల్లోనూ దగ్గు, ఆయాసం, ముక్కు కారడం, చిక్కిపోవడం మొదలవుతాయి. అలాంటి ఊపిరితిత్తులకు మత్తుమందు ప్రమాదమని మేము తెలుసుకున్నది ఆ పిల్లి పోయాకే. ఈ తప్పు వైద్యానిది కాదు, మాది.

పురుగు పిల్లికి ఎలా చేరుతుందో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే దారి తెలిస్తేనే అడ్డుకట్ట వేయగలం. పెద్ద పురుగులు ఊపిరితిత్తుల్లో గుడ్లు పెడతాయి. అక్కడే పిల్ల పురుగులు పుడతాయి. దగ్గినప్పుడు అవి గొంతులోకి వస్తే పిల్లి మింగుతుంది, ఆపైన మలంతో నేల మీద పడతాయి. తడి నేలలో నత్తలు, చిప్పలేని నత్తలు వాటిని తమలో చేర్చుకుంటాయి. నత్త ఒంట్లో కొన్ని వారాలు పెరిగాకే ఆ పురుగుకు పిల్లిని పట్టే శక్తి వస్తుంది. పిల్లి నత్తను ఇష్టపడి తినదు. కానీ నత్తను తిన్న ఎలుకను, కప్పను, బల్లిని, పిట్టను వేటాడుతుంది. పురుగు ఆ వేట వెంట కడుపులోకి వెళ్లి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు చేరుతుంది. అయిదారు వారాలకు మలంలో మళ్లీ పిల్ల పురుగులు కనిపిస్తాయి. పక్కన పడుకున్నంత మాత్రాన ఒక పిల్లి నుంచి మరో పిల్లికి అంటదు. పిల్లిని ఎత్తుకున్న పిల్లలకూ ఇది రాదు. ఈ మాట నొక్కి చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే పిల్లి చనిపోయిన వారంలోనే మిగతా పిల్లులను గోనెసంచుల్లో కట్టి ఊరవతల వదిలేద్దామన్న ప్రతిపాదన కార్యవర్గం ముందుకు వచ్చింది. దాన్ని తిరస్కరించాం.

తరువాత మిగిలిన పిల్లుల మలం పరీక్ష చేయించాం. మామూలుగా ఉప్పు ద్రావణంలో తేల్చి చూసే పరీక్షకు ఈ పురుగు సరిగ్గా దొరకదు, ఉప్పుకు ముడుచుకుపోతుంది. దీనికి వేరే పద్ధతి ఉంది. తాజా మలాన్ని గాజుగుడ్డలో మూటకట్టి, గరాటులో పోసిన గోరువెచ్చని నీటిలో మునిగేలా ఉంచి, ఒక రాత్రి వదిలేస్తారు. పిల్ల పురుగులు మూటలోంచి బయటికి వచ్చి నీటి అడుగుకు చేరతాయి. ఆ అడుగు చుక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పురుగులు రోజూ ఒకే తీరున బయటికి రావు కనుక మూడు రోజుల మలం కావాలి. మట్టిలో సహజంగా ఉండే పురుగులు కలిస్తే పొరపడే వీలుంది కనుక, అది నేలను అంటక ముందే తీయాలి. వీధి పిల్లి విషయంలో ఇది ఎంత కష్టమో ఊహించండి. మన కాలనీలో డిగ్రీ చదివే ముగ్గురు పిల్లలు ఇసుక పోసిన తట్టలు పెట్టి, తెల్లవారుజామున కాపలా కాసి ఈ పని చేశారు. వారికి సంఘం ఎంతో రుణపడి ఉంది.

రెండు పిల్లుల్లో పురుగు దొరికింది. డాక్టరుగారు రాసిచ్చిన ఫెన్‌బెండజోల్‌ను ఉడికించిన చేపముక్కల్లో కలిపి రోజూ పెట్టాం. బూడిదరంగు ఆడపిల్లి కోలుకుంది, మళ్లీ చేసిన పరీక్షలో పురుగు కనిపించలేదు. గండుపిల్లి మాత్రం మందు మధ్యలో ఉండగానే కనిపించకుండా పోయింది. దాని ఆచూకీ ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. మందుల దుకాణంలో దొరికే నట్టల మందులన్నీ దీనికి పనిచేయవు. పేగుల్లోని ఏలికపాములకు ఇచ్చే పైరాంటెల్, బద్దెపురుగులకు ఇచ్చే ప్రాజిక్వాంటెల్ ఊపిరితిత్తుల పురుగును చంపవు. మరొక ముఖ్యమైన మాట. దగ్గుతోందనో జ్వరంగా ఉందనో పిల్లికి పారాసిటమాల్ ఇవ్వకండి. మనుషుల జ్వరం మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి.

కుక్కల గురించీ చాలామంది అడిగారు. ఐరోపాలో, దక్షిణ అమెరికాలో కుక్కలను బాధించే యాంజియోస్ట్రాంజిలస్ వాసోరమ్ అనే పురుగు కూడా నత్తల వల్లనే వస్తుంది. ఫ్రాన్స్‌లో 1853లోనే దాన్ని గుర్తించారు. అది గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల్లో ఉంటుంది. రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది కనుక కొన్ని కుక్కల్లో దగ్గుకన్నా ముందు రక్తస్రావమే బయటపడుతుంది. ఆస్లెరస్ అనే ఇంకో పురుగుకు నత్తతో పని లేదు. తల్లి నాకినప్పుడు లాలాజలంతో పాటు కుక్కపిల్లకు చేరి, గాలిగొట్టం లోపల బొడిపెలు కట్టిస్తుంది. మన వీధుల్లో దగ్గే ప్రతి కుక్కకూ పురుగే ఉందనుకోకూడదు. కుక్కలకు వైరస్ వల్ల వచ్చే డిస్టెంపర్ జబ్బు కావచ్చు, గుండెజబ్బు కావచ్చు. పరీక్ష చేసి చెప్పవలసింది డాక్టరే.

ఇక నత్తలు. సెప్టెంబరు వానల తరువాత గోడల మీద, ఆనపపాదుల మీద, బొప్పాయి మొదళ్ల దగ్గర అరచేతి పొడవున్న నత్తలను మీరంతా చూశారు. ఇవి మన నేలవి కావు. ఆఫ్రికా నత్తను 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు ఒక ఆంగ్లేయుడు తెచ్చాడు, అక్కడి నుంచి దేశమంతా పాకింది. ఒక్కో విడతకు వందకు పైగా గుడ్లు పెట్టగలదు. పొద్దుగూకాక టార్చిలైట్లతో, చేతితొడుగులతో తిరిగి ఏరి, ఉప్పునీటి బకెట్లలో వేసి, లోతుగా పాతిపెట్టాం. చేతితొడుగులు తప్పనిసరి. ఎలుకల ఊపిరితిత్తుల పురుగు వేరే జాతి, అది కూడా నత్తల్లోనే పెరుగుతుంది, పొరపాటున మనిషి కడుపులో పడితే మెదడు పొరలకు వాపు తెస్తుంది. తోటకూర, కొత్తిమీర ఆకు ఆకూ విడదీసి కడిగి వాడండి.

ఈ పని జరుగుతుండగా ఒక సభ్యుడు నత్తల గుళికలు తెచ్చి తోటలో చల్లారు. మంచి ఉద్దేశంతోనే చేశారు. కానీ మెటాల్డిహైడ్ ఉన్న ఆ గుళికలను కుక్కలు తిండి అనుకుని తింటాయి. ఒక వీధికుక్క వణుకుతూ, కాళ్లు బిగుసుకుపోయి పడిపోయింది. వెంటనే ఆసుపత్రికి చేర్చగలిగాం కనుక బతికింది. ఆ గుళికలు ఇంకెవరి ఇంట్లోనైనా ఉంటే సంఘానికి అప్పగించండి.

తిండి పెట్టే చోటు గురించి ఏడాదంతా గొడవ నడిచింది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, వీధి జంతువులకు తిండి పెట్టేందుకు తగిన చోటు, వేళ ఏర్పాటు చేయవలసిన బాధ్యత నివాసుల సంఘానిదే. పిల్లలు ఆడుకునే చోటుకూ, మెట్ల దారికీ దూరంగా నీళ్ల ట్యాంకు వెనుక స్థలం నిర్ణయించాం. పెట్టేవారికి ఒక్క విన్నపం. రాత్రి పళ్లేలు అక్కడే వదలకండి. మిగిలిన అన్నానికి నత్తలు, ఎలుకలు చేరతాయి, పొద్దున అదే పళ్లెంలో పిల్లి మూతి పెడుతుంది.

మిగతా పనులు క్లుప్తంగా. కాలువల పూడిక రెండుసార్లు తీయించాం. నాలుగో వీధిలో దీపాలు ఇంకా వెలగడం లేదు, అర్జీ మళ్లీ పెట్టాం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు భక్తులకు మజ్జిగ పంచాం. వీధికుక్కలకు రేబిస్ టీకాలు వేయించాం. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. మందులకు, పరీక్షలకు అయిన ఖర్చు అందులో వేరే పద్దు కింద ఉంది.

వచ్చే ఏడాది శస్త్రచికిత్సలు కొనసాగించాలా వద్దా అన్నది సర్వసభ్య సమావేశం తేల్చాలి. కొనసాగించాలనే నా గట్టి అభిప్రాయం. కానీ ప్రతి జంతువుతో పాటు ఒక కాగితం వెళ్లాలి. దగ్గు ఉందా, ఎన్నాళ్లుగా, ఆయాసం ఉందా, తిండి తగ్గిందా అన్నవి రోజూ దాన్ని చూసేవారే రాయాలి. దగ్గు ఉంటే పరీక్ష అయ్యాకే మత్తుమందు. మన జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మలం పరీక్షలకు, పిల్లలకు శిక్షణకు సహకరించమని వారికి ఉత్తరం రాయడానికి సభ్యుల అనుమతి కోరుతున్నాను.

జూన్ వానలు మొదలయ్యేలోగా నత్తలు ఏరే బృందాలు సిద్ధం కావాలి. ఒకటో వీధికి, నాలుగో వీధికి ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. వచ్చేవారు సమావేశానికి ముందే నాకు పేరు ఇవ్వండి. చేతితొడుగులు, బకెట్లు సంఘమే ఇస్తుంది.

కార్యదర్శి,
నివాసుల సంక్షేమ సంఘం, విజయనగరం